రాజమండ్రిలో మా మస్కట్

మా తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. వాడిని చూడ్డానికి నేను నెలకోసారి మండపేటలో బస్సెక్కి, రాజమండ్రిలో దిగి, ఆటో మాట్లాడుకుని జైలు గేటు దగ్గరికి వెళ్తాను. వీసా అక్కర్లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. గల్ఫ్‌కి ఇంత దగ్గరి దారి కనిపెట్టిన కుటుంబం గోదావరి జిల్లాల్లో మాదొక్కటే అయి ఉంటుంది.

ఈ మస్కట్‌ని కట్టింది మా అమ్మ. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి కాబట్టి, అబద్ధం ఎక్కడ దొరికిపోతుందో ఆవిడకు బాగా తెలుసు. ఆ అనుభవమంతా పెట్టి చాలా పకడ్బందీగా కట్టింది. తమ్ముడికి శిక్ష పడిన వారం, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఒకావిడ "అబ్బాయి కనిపించట్లేదేంటండి?" అని మర్యాదకి అడిగారు. అమ్మ చెప్పులు వేసుకుంటూనే "మస్కట్ వెళ్లాడండి, కంపెనీ పని మీద" అంది. ఏ కంపెనీ, ఏం పని అని ఆవిడ అడగలేదు. మా వైపు మనుషులు ప్రాణం పోయినా మర్యాద పోనివ్వరు.

అసలు సంగతేంటంటే, అప్పటికే తమ్ముడి ఫొటో పేపర్లో జిల్లా పేజీలో పడింది. ఇద్దరు పోలీసుల మధ్య తలదించుకుని నిలబడ్డ ఫొటో. మా చర్చిలో పేపరు వేయించుకోని ఇల్లు లేదు. వేయించుకోని వాళ్లు ఎవరైనా ఉంటే, పక్కింటివాళ్లు తీసుకెళ్లి మరీ చూపించి ఉంటారు. అయినా ఆ మెట్ల మీద నిలబడ్డ ఒక్కరు కూడా కిమ్మనలేదు. "మంచిదండి, దేవుడు దారి చూపించాడు" అన్నారు. ఎవరి దారి గురించి అన్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ రోజు నుంచి ఊరంతా కలిసి మస్కట్‌ని పోషించింది. "అక్కడ ఇప్పుడు టైమెంతండి?" అని అడిగేవారు. అమ్మ గోడ గడియారం చూసి, "మనకంటే గంటన్నర వెనకండి" అని తడుముకోకుండా చెప్పేది. "ఎండలెలా ఉన్నాయండి?" అంటే, "ఏసీ రూమే కదండి" అనేది. ఎదురింటి ఆవిడైతే వాళ్ల అల్లుడికి కూడా అక్కడే ఏదైనా చూడమని అడిగింది. ఆ అల్లుడి తాగుడు గురించి మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి, ఆ మాట మాత్రం నిజాయితీగానే అడిగిందేమోనని నా అనుమానం.

మొదటి క్రిస్మస్‌కి చర్చి స్త్రీల సమాజంలో ఒకావిడ, "మస్కట్ నుంచి ఖర్జూరాలు పంపలేదా అండి అబ్బాయి?" అంది నవ్వుతూ. అమ్మ ఆ మాట పట్టుకుంది. ఆ నెల నేను తమ్ముడిని చూసి వస్తూ రాజమండ్రి మెయిన్ రోడ్డులో రెండు కేజీల ఖర్జూరం కొనుక్కురావాల్సి వచ్చింది. అమ్మ వాటిని చిన్న చిన్న పొట్లాలు కట్టి సమాజం సభ్యులందరికీ పంచింది. అందరూ ఒకటి నోట్లో వేసుకుని, "ఎంతైనా మస్కట్ సరుకు మస్కట్ సరుకేనండి" అన్నారు. ఒక రకంగా అబద్ధం కూడా కాదు. తమ్ముడు ఉన్న ఊరి నుంచే వచ్చాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది మా పాస్టరు గారి ప్రార్థన. ప్రతి ఆదివారం ఆయన రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, ఆఖర్న "దూరదేశంలో కష్టపడుతున్న ఒక బిడ్డ కోసం" ప్రార్థన చేసేవారు. సర్వం తెలిసిన దేవుడికి కూడా ఆయన మా అమ్మ చెప్పిందే చెప్పేవారు. దేవుడు కూడా మా జిల్లావాడే అయి ఉంటాడు, ఎదురు మాట్లాడలేదు.

ఇక తమ్ముడు చేసిన పని. ఇది మాత్రం వెటకారంగా చెప్పడం నాకు చేతకాదు. స్నేహితుడి పెళ్లిలో తాగాడు. వద్దంటున్నా వినకుండా కారు తీశాడు. కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్న మనిషిని గుద్దేశాడు. ఆ మనిషి అక్కడే చనిపోయాడు. తరవాత పై ఊళ్ల నుంచి ఇంటికొచ్చిన చుట్టాలంతా "మీవాడు మంచివాడండి, ఖర్మ" అన్నారు. చనిపోయినవాడు కూడా మంచివాడే కదండి, వాడి ఖర్మకి మావాడు కదా కారణం అని అనాలనిపించేది. కాఫీ ఇచ్చి ఊరుకునేదాన్ని. నాకు ఇప్పటికీ తమ్ముడంటే ప్రేమ ఎంత ఉందో, కోపం కూడా అంతే ఉంది.

అమ్మ ఒక్కసారి కూడా జైలుకు రాలేదు. పరువు కోసమే అనుకునేదాన్ని. మూడో ఏడు ఒక సాయంత్రం అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే గట్టిగా అడిగేశాను.

"నీ పరువు ఏ పాటిదో ఊరందరికీ తెలుసమ్మా. పేపర్లో చూసినవాళ్లకి మస్కట్ కథలు చెబుతున్నావు. అక్కడ కొడుకేమో నీకోసం చూస్తున్నాడు. ఒక్కసారి రావడానికి ఏంటి నీ బాధ?"

అమ్మ ఈనె తీయడం ఆపలేదు.

"ఆ చనిపోయినవాడు నా స్టూడెంటే. నీకు తెలుసా?" అంది.

నాకు తెలీదు.

"ఒకటో తరగతి. ఎడమచెయ్యి వాటం. బలపం పట్టడం వచ్చేది కాదు. చెయ్యి పట్టుకుని దిద్దించాను. 'అ' రాయడానికి ఏడ్చేవాడు." చిక్కుడుకాయల గిన్నె పక్కకి పెట్టింది. "ఆ చెయ్యి పట్టుకున్న చేత్తో ఇప్పుడు వీడి చెయ్యి ఎలా పట్టుకోనే?"

జైల్లో చెయ్యి పట్టుకోనివ్వరని, మధ్యలో అద్దం ఉంటుందని చెబుదామనుకున్నాను. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ములాఖత్ గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. ఖైదీని చూడ్డానికి ఇచ్చే సమయాన్ని ములాఖత్ అంటారు. గేటు దగ్గర పేరు, ఆధార్ ఇచ్చి షెడ్డు కింద కూర్చోవాలి. వచ్చేవాళ్లంతా పెళ్లిచూపులకు వచ్చినట్టు తయారై వస్తారు. మొదటిసారి నేను కూడా ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల డబ్బా పట్టుకుని వెళ్లాను. కానిస్టేబుల్ గారు డబ్బా వంక, నా వంక చూసి, "బయటి తిండి లోపలికి పోనివ్వరమ్మా" అన్నారు, పాపం నొచ్చుకుంటూ. తిరిగి ఇంటికి పట్టుకెళ్తే అమ్మ ముఖం ఎలా పెడుతుందోనని, షెడ్డు కింద పక్కన కూర్చున్న ఒక కుటుంబంతో కలిసి అన్నీ తినేశాను. వాళ్లబ్బాయి ఏం చేశాడో వాళ్లు చెప్పలేదు, మావాడు ఏం చేశాడో నేను చెప్పలేదు. "నెయ్యి బాగా వేశారండి" అనుకున్నాం.

లోపల అద్దానికి ఇటు మనం, అటు వాళ్లు, మధ్యలో ఫోను. ఆ గదిలో అందరి మొదటి మాటా ఒకటే, "తిన్నావా?" వేళకి భోజనం పెట్టడం అక్కడి రూలని అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అర్ధరాత్రి వరకూ ఎక్కడ తిరుగుతున్నావని అడగనివాళ్లంతా అక్కడికొచ్చి తిన్నావా అని అడుగుతారు. నేను మాత్రం ఆ మాట అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ప్రతిసారీ ఫోను ఎత్తగానే అదే అడిగేదాన్ని.

తమ్ముడు ఫోను ఎత్తుతూ నా ముఖం చూసేవాడు కాదు. నా వెనక్కి చూసేవాడు. వెనక ఎవరూ లేరని తెలిశాక నన్ను చూసేవాడు. అంత దూరం బస్సులో నలిగి వచ్చిన అక్క ముఖానికి దక్కే విలువ అది.

నిరుడు చలికాలం ముందు ఒక ములాఖత్‌లో వాడు కొత్త మాట అన్నాడు. సత్ప్రవర్తన కింద వచ్చే వేసవికి విడుదల అయ్యేలా ఉందట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికి తిరగలేదు.

"నేను ఇంటికి రానక్కా" అన్నాడు. "ఇక్కడ ఒకతను ఏజెంటు నంబరిచ్చాడు. బయటికొచ్చిన రోజే అటునుంచి అటే పోతాను. మస్కట్ కుదిరితే మస్కట్. లేదంటే సూరతో, ముంబయో."

"మతిపోయిందా?"

"అమ్మ చెప్పింది అబద్ధం కాకుండా ఉంటుంది కదా. ఇన్నేళ్లలో ఒక్కసారి రానిది, ఇంటికొస్తే నా ముఖం చూస్తుందా? ఒక్కసారి వచ్చి తిట్టి వెళ్లమను. వస్తాను. లేకపోతే రాను."

ఇంటికొచ్చి అక్షరం పొల్లుపోకుండా అమ్మకి చెప్పాను. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. కట్టుకున్న మస్కట్ తన మీదే కూలబోతోందని ఆవిడకి అర్థమైంది.

సరిగ్గా అప్పుడే స్త్రీల సమాజం మీటింగులో పాస్టరమ్మగారు, అంటే మా పాస్టరు గారి భార్య, ఈసారి పండక్కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్‌కి జైలు పరిచర్య పెట్టుకుందామని చెప్పారు. పర్మిషన్ వచ్చిందట. వెళ్లి పాటలు పాడి, ప్రార్థన చేసి, ఖైదీలకు పండ్లూ కేకూ పంచి రావడం. ఆవిడ ఆ మాట అంటున్నంతసేపూ మా వంక తప్ప అన్ని వైపులా చూశారు. అమ్మ లేచి నిలబడి, "నేనొస్తానండి. పాటలు నేను నడిపిస్తాను" అంది. అందరూ "మీరొస్తే అంతకంటేనా అండి" అన్నారు. కొడుకుని చూడ్డానికి సొంత కాళ్ల మీద వెళ్లలేని మనిషి, సంఘం తరఫున పాపుల్ని పరామర్శించడానికి వెళ్లడానికి మాత్రం ముందు పేరిచ్చింది. దూరం నుంచి ఒకసారి చూసి, వాడి దగ్గరికి వెళ్లకుండా వచ్చేద్దామన్నది ఆవిడ లెక్క. నన్ను కూడా రమ్మంది. తమ్ముడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

డిసెంబరులో ఒక ఉదయం సమాజం మొత్తం తెల్లచీరలు కట్టుకుని వ్యానెక్కాం. బత్తాయిల బుట్టలు, కేకు ట్రేలు, పాటల పుస్తకాలు. దారిలో ఎవరూ మస్కట్ మాట ఎత్తలేదు. మండపేట దాటాక ఒకావిడ వరి కోతల గురించి మొదలుపెట్టారు. రాజమండ్రి వచ్చేవరకూ పదిహేను మంది ఆడవాళ్లు వరి కోతల గురించే మాట్లాడారు. ఆ వ్యానులో పొలం ఉన్నవాళ్లు ఇద్దరే.

గేటు దగ్గర నేను ఆధార్ కార్డు ఇస్తుంటే కానిస్టేబుల్ గారు గుర్తుపట్టి, "ఏంటమ్మా, ఈసారి బలగంతో వచ్చారా? మీ తమ్ముడికి చెప్పనా?" అన్నారు గట్టిగా. పక్కనే నిలబడ్డ పాస్టరమ్మగారు చటుక్కున బత్తాయిలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ వినలేదన్నమాట. వెనక ఉన్న పదమూడు మందీ కూడా వినలేదు.

లోపల పెద్ద హాలు. ఖైదీలు తెల్లబట్టల్లో వరసల్లో కింద కూర్చున్నారు. ఎదురుగా మేము తెల్లచీరల్లో నిలబడ్డాం. ఎవరు ఎవరికి మంచి చెప్పడానికి వచ్చారో బట్టలు చూసి చెప్పడం కష్టం. అమ్మ కళ్లజోడు సర్దుకుని వరసల్లో వెతికింది. వాడు వరసల్లో లేడు.

వాడు పక్కన, డోలక్ ముందు కూర్చుని ఉన్నాడు. జైల్లో పాటలు పాడే ఖైదీలది ఒక చిన్న బృందం ఉందట, మాకు వాయించడానికి వాళ్లని పిలిచారు. వాడు అమ్మని చూశాడు. అమ్మ వాడిని చూసింది. చిన్నప్పటి నుంచీ మా చర్చిలో డోలక్ వాయించినవాడు కాబట్టి మా సమాజంలో వాడిని ఎరగనివాళ్లు లేరు. తెల్లచీరలన్నీ ఒక్కసారిగా పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాయి. మా వాళ్ల మర్యాదకి అంతకు మించిన పరీక్ష ఇంకోటి రాలేదు, రాబోదు.

అమ్మ ముఖం రాయిలా పెట్టి పాట మొదలుపెట్టింది. ఎప్పటిలాగే అందుకోలేనంత పై శ్రుతిలో. మేం అందుకున్నాం, ఖైదీలు కూడా అందుకున్నారు. తమ్ముడు డోలక్ అందుకున్నాడు.

ఇక్కడ మా ఇంటి చరిత్ర ఒకటి చెప్పాలి. తమ్ముడికి తొందర. ఏ పాటైనా రెండో చరణానికల్లా తాళం పరుగెత్తిస్తాడు. అమ్మ పాట నడిపించేది, వాడు పాటని తరిమేవాడు. చర్చిలో పాట మధ్యలో అమ్మ నడుచుకుంటూ వెళ్లి వాడి చేతి మీద ఒకటి వేసేది. వాడికి పెళ్లి వయసు వచ్చాక కూడా వేసింది. పెద్దవాళ్లు నవ్వుకునేవారు.

ఆ రోజూ రెండో చరణం వచ్చింది. తాళం పరుగందుకుంది. అమ్మ పాడుతూ పాడుతూనే గబగబా నడిచి వెళ్లి, వాడి చేతి మీద ఒక్కటి వేసింది.

"ఒరే, నెమ్మదిరా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

పాట ఆగిపోయింది. హాలంతా ఆగిపోయింది. గోడ దగ్గర నిలబడ్డ వార్డరు గారు ఒక అడుగు ముందుకేసి, ఎందుకో అక్కడే నిలబడిపోయారు. తను ఏం చేసిందో అమ్మకి అప్పుడు తెలిసింది. వేసిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది. ఆ చెయ్యి డోలక్ మీద ఉన్న తమ్ముడి చేతి మీదే ఉంది.

పాస్టరమ్మగారు చాలా మంచి మనిషి. ఆ పరిస్థితిలో కూడా మస్కట్‌ని కాపాడాలని చూశారు. "మన మస్కట్ అబ్బాయి కూడా అచ్చం ఇలాగే తొందరపడేవాడు కదండి. పాపం ఈ అబ్బాయిని చూసి గుర్తొచ్చినట్టున్నాడు మీకు" అన్నారు.

అమ్మకి తప్పించుకోవడానికి దారి దొరికింది. ఔనండి అంటే చాలు, మళ్లీ అందరం ఫ్యాను వంక చూసేవాళ్లం. తమ్ముడు తల ఎత్తకుండా అమ్మ చేతినే చూస్తున్నాడు.

"వీడేనండి" అంది అమ్మ. క్లాసులో వెనక బెంచీవాళ్లకి కూడా వినపడేలా మాట్లాడే గొంతు అది. "వీడు మా అబ్బాయేనండి. మస్కట్‌లో లేడు. ఎప్పుడూ లేడు. ఇక్కడే ఉన్నాడు. నేనే రాలేదు."

అమ్మ వాడి చెయ్యి వదల్లేదు. ఆ చేత్తోనే డోలక్ మీద నెమ్మదిగా తాళం వేయించింది, బలపం పట్టించినట్టు. కొంచెం ఆగి మళ్లీ మొదటి నుంచి పాట ఎత్తుకుంది. ఈసారి కాస్త కింది శ్రుతిలో. తమ్ముడు ఏడుస్తూ వాయించాడు. కానీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆఖరి చరణం వరకూ తొందరపడకుండా వాయించాడు.

పాటలయ్యాక పండ్లు పంచాం. మనిషికో బత్తాయి, ఒక కేకు ముక్క. కొడుకైనా అంతే. అమ్మ వరసలో అందరికీ ఇస్తూ వచ్చింది. తమ్ముడి వంతు వచ్చింది. ఏం మాట్లాడుతుందా అని నేను చెవులు రిక్కించాను. ఇన్నేళ్ల మౌనం, ఊరంతా మోసిన అబద్ధం, ఇంత పెద్ద చదువు, ఇంత అనుభవం.

"తిన్నావా?" అంది అమ్మ.

"తిన్నానమ్మా."

"వేసవిలో తిన్నగా ఇంటికి రా. ఏజెంటూ లేదు, గీజెంటూ లేదు. వచ్చాక ముందు వాళ్లింటికి వెళ్దాం. నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న ఆ పిల్లాడి భార్య దగ్గరికి. నేను కూడా వస్తాను. గుమ్మంలోకి రానివ్వకపోతే బయటే నిలబడదాం. ఇద్దరం."

తమ్ముడు తలూపాడు. బత్తాయి రెండు చేతుల్లో పట్టుకుని, "మళ్లీ వస్తావా?" అన్నాడు.

"రాకేం? గంట ప్రయాణం" అంది అమ్మ, మస్కట్‌కి విమానం టికెట్టు దొరకక ఇన్నాళ్లూ ఆగినట్టు.

వెనక్కి వచ్చేటప్పుడు వ్యానులో వరి కోతలు ఎవరికీ గుర్తు రాలేదు. చాలా దూరం వచ్చాక అమ్మ ఎవరి వంకా చూడకుండా, "ఆ ఖర్జూరాలు మెయిన్ రోడ్డులో కొన్నవేనండి" అంది. పాస్టరమ్మగారు, "తెలుసండి. పొట్లం కాయితం మీద కొట్టు పేరు ఉంది" అన్నారు. ఆ తరవాత ముందు సీటులోంచి ఎవరో మెల్లగా, "అబ్బాయి బాగా చిక్కాడండి" అన్నారు. ఇన్నేళ్లలో మా తమ్ముడి గురించి ఎవరైనా మాకు చెప్పిన మొదటి నిజం అది. "ఔనండి, చిక్కాడు" అని అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత మర్యాదస్తులైనా, ఈసారి ఎవరూ కిటికీల్లోంచి బయటికి చూడలేదు. అందరూ లేచి వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు.

తరవాతి నెల ములాఖత్ రోజున నేను లేచేసరికి ఇంట్లో అమ్మ లేదు. మొదటి బస్సుకే వెళ్లిపోయింది. నేను ఉసూరుమంటూ గేటు దగ్గరికి చేరేసరికి కానిస్టేబుల్ గారు నా కార్డు చూసి, "మీ అమ్మగారు ఎప్పుడో లోపలికెళ్లారమ్మా" అన్నారు. లోపలికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. అద్దానికి ఇటు అమ్మ వీపు, అటు తమ్ముడు చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఏదో చెబుతూ. నేను వచ్చానని చెయ్యి ఊపాను. వాడికి కనపడలేదు. వాడు ఎదురుగా ఉన్న మనిషినే చూస్తున్నాడు, వెనక్కి చూడటం లేదు.